మన వీధుల చరిత్రను మనమే చెప్పుకుందాం

(హబ్సిగూడలో జరిగిన విద్యార్థుల, కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

పాతబస్తీలో జరిగే హెరిటేజ్ వాక్‌లను గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. చార్మినార్ సంగతి హబ్సిగూడలో ఎందుకని కొందరికి అనిపించవచ్చు. 'హబ్షీ' అంటే అబిసీనియా దేశీయుడు. ఈ పేట పేరు ఆ మాట నుంచే వచ్చిందని చెప్పుకుంటారు. నిజాం కొలువులో ఆఫ్రికన్ అశ్వికదళం ఉండేది. మాసాబ్‌ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్ పేరు దాని గుర్తే. రోజూ బస్సు బోర్డు మీద చదివే పేరు వెనుక సముద్రాలు దాటి వచ్చిన మనుషులున్నారు. చెప్పేవారు లేకపోతే పేరు మిగులుతుంది, మనుషులు మరుగున పడతారు. వారసత్వ నడక అవసరం ఇక్కడే ఉంది.

చార్మినార్ దగ్గర బయలుదేరి, లాడ్ బజార్ మీదుగా చౌమహల్లా ప్యాలెస్ చేరే దారి నగరంలో ప్రసిద్ధమైనది. దూరం రెండు కిలోమీటర్లకు మించదు. 1591 నాటి చార్మినార్, 1617లో పునాది పడి 1694లో పూర్తయిన మక్కా మసీదు, యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం పొందిన చౌమహల్లా, ఇవన్నీ ఒక్క ఉదయంలో చూడవచ్చు. నగరం నలుమూలల నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి మనుషులు వచ్చి ఈ వీధుల్లో నడవడం సంతోషకరమే. పాతబస్తీ అంటే భయపడేలా పెరిగిన యువకుడు ఒక్కసారి ఇక్కడ నడిచి, ఇరానీ చాయ్ తాగి వెళ్తే, పది ఉపన్యాసాలు చేయలేని పని జరుగుతుంది.

అయితే ఈ నడకల్లో తరచుగా రెండు లోపాలు కనిపిస్తున్నాయి. మొదటిది, కట్టడాలు కనిపిస్తాయి కాని మనుషులు కనిపించరు. లాడ్ బజార్‌లో గాజుల మెరుపును ఫొటో తీస్తారు. నిప్పుల వేడి దగ్గర కూర్చుని లక్కను కరిగించి, అద్దపు రాళ్లను ఒక్కొక్కటిగా పొదిగే చేతుల కూలి ఎంతో అడగరు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు ఫలం గాజు తయారుచేసిన ఇంటికి చేరాలి కదా!

రెండవది, చరిత్ర అంటే నవాబుల వజ్రాలు, విందులు అన్నట్లు చెప్పడం. కోఠీలోని రెసిడెన్సీ భవనం ముందు నిలబడి, దానిని కట్టించిన కిర్క్‌పాట్రిక్ ప్రేమకథ చెప్పి ఊరుకుంటే అది అర్ధసత్యం. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ నాయకత్వంలో అదే రెసిడెన్సీ మీద దాడి జరిగింది. తుర్రెబాజ్ ఖాన్‌ను చంపి, శవాన్ని బహిరంగంగా వేలాడదీశారు. మౌల్వీని అండమాన్‌కు పంపారు. ఈ దేశ స్వాతంత్ర్యం కోసం మీవాళ్లేం చేశారని మన పిల్లలను అడిగేవారికి ఆ వీధే జవాబు చెబుతుంది.

అదే నిజాయతీతో మనకు ఇబ్బంది కలిగించే చరిత్రనూ చెప్పాలి. 1948 ఆగస్టులో 'ఇమ్రోజ్' పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను రజాకార్లు కాచిగూడ ప్రాంతంలో హత్య చేశారు. హైదరాబాద్ భారతదేశంలో కలవాలని రాసినందుకు ఒక ముస్లిం సంపాదకుడు ప్రాణాలర్పించాడు. ఆ తరువాతి నెలల్లో పోలీసు చర్య సందర్భంగా పల్లెల్లో అమాయక ముస్లిములు అనుభవించిన హింస కూడా చరిత్రే. ఒకటి చెప్పి ఒకటి దాచితే వినేవారు రెండింటినీ నమ్మరు.

ఈ విషయంలో అహ్మదాబాద్ మనకు ఒక దారి చూపింది. అక్కడ 1997లో మొదలైన నడక కాలూపూర్ స్వామినారాయణ మందిరం దగ్గర ప్రారంభమై జామా మసీదు దగ్గర ముగుస్తుంది. మధ్యలో పోళ్లు అనే ఇరుకు వాడలు వస్తాయి. చూడవలసినవి రాజభవనాలే కాదు, జనం నివసించే వాడలు కూడా అని ఆ నడక చాటింది. 2017లో ఆ పాత నగరం యునెస్కో ప్రపంచ వారసత్వ నగరమైంది.

మిత్రులారా, ఇది కేవలం పర్యాటక విషయం కాదు, హక్కుల విషయం. తమ భాషను, లిపిని, సంస్కృతిని పరిరక్షించుకునే హక్కును రాజ్యాంగం 29వ అధికరణం ఇచ్చింది. మన ఉమ్మడి సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి కాపాడటం ప్రతి పౌరుని విధి అని 51-ఏ అధికరణం చెబుతోంది. ఎర్రమంజిల్‌ను కూల్చి శాసనసభ కట్టాలన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టివేసిందంటే, పౌరులు ఊరుకోకుండా న్యాయస్థానం తలుపు తట్టడమే కారణం. తెలియని కట్టడం కోసం ఎవరూ కోర్టుకు వెళ్లరు. తెలియజేసేది నడకే.

అందుకని నాలుగు సూచనలు చేస్తున్నాను. పాతబస్తీ యువతీ యువకులకే గైడ్లుగా శిక్షణ, గుర్తింపు కార్డు ఇవ్వాలని పర్యాటక శాఖను కోరదాం. ఇంగ్లీషుతో పాటు తెలుగులోను, ఉర్దూలోను నడకలు ఉండాలి. జిల్లాల నుంచి వచ్చే తెలుగు కుటుంబానికి మన వీధి అర్థం కావద్దా? మసీదుల్లో, ఆషూర్ఖానాల్లో నమాజు వేళలను, మజ్లిసులను గౌరవించాలని, అడగకుండా మనుషుల ఫొటోలు తీయరాదని ముందే చెప్పాలి. గాజుల పనివారి దగ్గర ఆగినప్పుడు వారి సమయానికి కొంత రుసుము టికెట్టులోనే చేర్చాలి.

ప్రభుత్వం కదిలేదాకా మనం ఆగనవసరం లేదు. ఉస్మానియా ప్రాంగణం ఇక్కడికి దగ్గరే. 1918లో ఉర్దూ మాధ్యమంలో ఆధునిక విద్య బోధించడానికి పుట్టిన విశ్వవిద్యాలయం అది. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనంలో ఇస్లామీ కమానులు, హిందూ దేవాలయ శైలి స్తంభాలు ఒకే కప్పును మోస్తున్నాయి. వచ్చే ఆదివారం ఉదయం మన పిల్లలను, పక్కింటి పిల్లలను కలిపి అక్కడికి తీసుకువెళ్దాం. ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క కట్టడం గురించి గ్రంథాలయంలో చదివి, సరిచూసుకుని వచ్చి చెప్పాలి. ఆ తరువాతి నెల చార్మినార్‌కు వెళ్దాం. పేర్లు ఇవ్వదలచినవారు సభ ముగిశాక ఇక్కడే ఆగండి.