మరిచిపోతున్న పెద్దలకు గూడెమే తోడు



తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మనం కలిసినప్పుడల్లా గోండి భాష గురించి, దండారి గురించి, గుంజాల లిపి గురించి మాట్లాడుకుంటాం. ఈసారి సంఘం తరఫున మేము ఇంకో మాట మీ ముందు పెడుతున్నాం. ఆ భాషను, ఆ ఆచారాలను ఇంతకాలం మనసులో మోసి మనకు అందించిన పెద్దల్లో కొందరికి జ్ఞాపకం చెదిరిపోతోంది. వాళ్లను మనం ఎలా చూసుకోవాలి?

మన చరిత్ర చాలాకాలం కాగితం మీద లేదు. వంశాల కథలు పర్ధాన్ల కిక్రీ మీద, పెద్దల నోట బతికాయి. ఎవరు ఎన్ని దేవతల సగా, ఎవరికి ఎవరితో వియ్యం కుదురుతుంది, ఏ పూజ ఎప్పుడు చేయాలి అన్నీ వాళ్లే చెప్పారు. అలాంటి మనిషి ఒకరోజు సొంత కోడలిని చూసి "నువ్వెవరివి?" అంటే ఆ ఇల్లు తల్లడిల్లిపోతుంది.

ఇది డిమెన్షియా అనే జబ్బు. మెదడులోని కణాలు దెబ్బతినడం వల్ల వస్తుంది. అల్జీమర్స్ ఇందులో ఎక్కువగా కనిపించే రకం. వయసుతో వచ్చే చిన్న మరుపు వేరు, ఇది వేరు. గొడ్డలి ఎక్కడ పెట్టామో మరిచిపోవడం మామూలే. గొడ్డలి దేనికో తెలియకపోవడం, రోజూ నడిచే దారిలో తప్పిపోవడం, అడిగిందే పదిసార్లు అడగడం, లేనిపోని అనుమానాలు పడటం జబ్బు లక్షణాలు. 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి ఇది ఉంది. పట్నాల కన్నా పల్లెల్లో, మగవాళ్ల కన్నా ఆడవాళ్లలో ఎక్కువ. ఆ లెక్కన యాభై మంది పెద్దలున్న ఊరిలో ముగ్గురో నలుగురో ఉండవచ్చు.

మొదటి పని, దీన్ని దాని పేరుతో పిలవడం. పిచ్చి అనొద్దు, నాటకం అనొద్దు. అన్నిటికన్నా ముఖ్యంగా బాణామతి, చేతబడి అనొద్దు. ఒక ముసలామె చీకట్లో ఒంటరిగా తిరుగుతూ తనలో తాను మాట్లాడుకుంటుంటే ఊళ్లో గుసగుస మొదలవుతుంది. ఆ గుసగుస ప్రాణం మీదికి తెస్తుంది. అది వినిపించిన చోటే "ఇది జబ్బు" అని గట్టిగా చెప్పాల్సింది చదువుకున్న మీరే. పట్లాకు, రాయి సెంటర్ పెద్దలకు కూడా ముందే వివరించండి. వాళ్లు ఒక మాట అంటే ఊరు వింటుంది.

రెండోది, వైద్యం. మరుపంతా డిమెన్షియా కాదు. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, మనోవ్యాకులత వల్ల వచ్చే మరుపు మందులతో తగ్గవచ్చు. నిన్నటిదాకా బాగున్న మనిషి జ్వరంతో ఒక్కసారిగా తికమకపడితే అది మలేరియా కావచ్చు, ఇంకేదైనా కావచ్చు, ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. డిమెన్షియానే అయితే పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. కానీ బీపీ, షుగర్ అదుపులో ఉంచడం, చెవుడుకీ కంటిపొరకీ చికిత్స చేయించడం, పొగాకు, సారా మానడం మేలు చేస్తాయి. ఇవి ముప్పై, నలభై ఏళ్లవాళ్లకు కూడా వర్తిస్తాయి.

ఆసుపత్రికి పెద్దలను ఒంటరిగా పంపకండి. జబ్బు ముదిరేకొద్దీ తర్వాత నేర్చిన తెలుగు ముందు జారిపోయి, చిన్ననాటి గోండి మిగలవచ్చు. డాక్టరు తెలుగులో "ఈరోజు తేదీ ఎంత?" అంటే, క్యాలెండర్ చూడని మనిషి ఏం చెబుతారు? పక్కన మీరుండి గోండిలో అడగండి. ఏ పండుగ అయిపోయింది, ఏది రాబోతోంది, చేలో ఇప్పుడు ఏం పని నడుస్తోంది అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువురానివాళ్ల కోసం ఇలాగే పరీక్షను మార్చి తయారుచేశారు. ఆ పని గోండిలోనూ జరగాలి. మీలో నర్సులు, డాక్టర్లు కాబోయేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోండి.

మూడోది, మాట్లాడే తీరు. ఎనభై ఏళ్ల అవ్వ సాయంత్రం మూట కట్టుకుని "మా అమ్మ దగ్గరికి పోతా" అంటే, "మీ అమ్మ ఎప్పుడో పోయింది" అనకండి. ఆమెకు ఆ చావు కబురు అప్పుడే విన్నట్టు ఉంటుంది. "మీ అమ్మ ఏం వండేది?" అని అడుగుతూ నాలుగడుగులు వెంట నడవండి. మెల్లగా ఇంటికి తిప్పుకుని రావచ్చు.

నాలుగోది, కాపలా. పత్తి మందు డబ్బాలు ఇంట్లో అందేచోట ఉంచకండి. రాత్రి పొయ్యి ఆర్పండి, బావికి మూత వేయండి. మనిషి కనిపించకపోతే వాగు వైపు ఎవరు, అడవి వైపు ఎవరు, పాత చేను వైపు ఎవరు వెళ్లాలో యువకులు ముందే పంచుకోండి. వాళ్ల పింఛను డబ్బు ఎవరి చేతికి పోతోందో, భూమి కాగితాల మీద ఎవరు వేలిముద్ర వేయిస్తున్నారో కన్నేసి ఉంచండి.

ఐదోది, చూసుకునే మనిషిని చూసుకోవడం. చాలా ఇళ్లలో అది కోడలో కూతురో. రాత్రి నిద్ర లేక, పగలు పత్తి ఏరడానికి పోలేక ఆమె నలిగిపోతుంది. వారానికి రెండు పూటలు ఎవరైనా వెళ్లి పెద్దాయన దగ్గర కూర్చుంటే ఆమెకు కూలి దక్కుతుంది, కాస్త నిద్ర దక్కుతుంది. సలహా కావాలంటే వృద్ధుల సహాయానికి 14567, మానసిక ఆరోగ్యానికి టెలిమానస్ 14416 ఉన్నాయి. ఆమె తరఫున మీరు ఫోన్ చేయండి.

చివరిగా, వాళ్ల చోటు వాళ్లకు ఉంచండి. పొద్దున తిన్నది గుర్తులేని మనిషి కూడా దండారి పాట అందుకోవచ్చు. పాటలు మెదడులో చాలాకాలం నిలుస్తాయి. డోలు మోత మరీ దగ్గర కాకుండా, పక్కన తెలిసిన మనిషిని పెట్టి కూర్చోబెట్టండి. గుస్సాడీలు వచ్చినప్పుడు వాళ్ల ముందూ ఆగనివ్వండి. తప్పు పాడితే దిద్దకండి, కలిసి పాడండి.

మేము అడిగేది పెద్ద పని కాదు. ఈ దండారిలోపు మీ మీ ఊళ్లలో ఇలాంటి పెద్దలు ఎవరున్నారో కనుక్కోండి. ఒక్కొక్కరికి ఇద్దరు చొప్పున బాధ్యత తీసుకోండి. మన పేర్లు వాళ్లు మరిచిపోవచ్చు. వాళ్లు ఏ సగానో, ఏ పాట పాడేవారో, ఎవరి బిడ్డలో మనం మరిచిపోకూడదు.

జై సేవా.