లోతు గుంటల్లో రవ్వ చేప: ఎర ఎక్కడ ఆపాలె?

కౌలాలంపూర్ చుట్టుపక్కల సైట్లలో పనిచేసే మన తమ్ముళ్ళు చాలామంది ఆదివారం వస్తే గాలం పట్టుకొని పాత తగరం గనుల గుంటలకు పోతున్నరు. ఇక్కడోళ్ళు వాటిని లొంబోంగ్ అంటరు. తవ్వి వదిలేసిన గోతులు నీళ్ళు నిండి చెరువుల్లెక్క కనిపిస్తయి. కానీ అవి చెరువులు కావు.

మా జగిత్యాల దిక్కు చెరువులో శిఖం వైపు నుంచి దిగితే మోకాలు, నడుము, ఛాతీ అని లోతు మెల్లగా పెరుగుతది. ఇక్కడ రెండడుగులు మోకాళ్ళ లోతు ఉంటది, మూడో అడుగుకు మనిషి మునుగుతడు. కొన్ని గుంటలు పది మీటర్లు దాటుతయి.

బొచ్చె పైన, రవ్వ నడుమ, మృగాల అడుగున మేస్తదని చేపల చెరువు చేసేటోళ్ళు చెప్తరు. ఆ లెక్క ఒకటి, రెండు మీటర్ల నీళ్ళకు. లోతు గుంటలో ఎండకు వేడెక్కిన నీళ్ళు పైననే ఉంటయి, చల్లటి నీళ్ళు కింద ఉంటయి, రెండూ సరిగ్గా కలవవు. అడుగున ఆకులు కుళ్ళి ఆక్సిజన్ అయిపోతది. అక్కడ చేప ఉండదు. మనోళ్ళేమో పెద్ద సీసం కట్టి నడిమధ్యకు విసిరి పొద్దంతా కూర్చుంటరు.

రవ్వ దొరికేది ఒడ్డు పక్క మెట్టు మీద, లేకుంటే ఆ మెట్టు తెగిన చోట పై రెండు, మూడు మీటర్లలో. మెట్టు ఎక్కడ తెగిందో తెలియాలంటే ఉత్త సీసం విసిరి, దారం వదులయ్యేదాకా లెక్కపెట్టండి. కొంచెం కొంచెం దూరం పెంచుతూ పొండి. మూడు, నాలుగు అంకెలకు తగిలేది ఒక్కసారి పదికి పోయిందంటే అదే అంచు. బెండును దారం మీద జారేటట్టు వేసి, మీకు కావాల్సిన లోతు కాడ చిన్న దారంముడి వేయండి. ముడి రీలులోకి చుట్టుకుంటది కాబట్టి కర్ర పొట్టిదైనా మూడు మీటర్ల లోతుకు ఎర పోతది.

ఎరకు తెల్ల రొట్టె చాలు. అంచులు తీసి, చిన్న గాలం కొక్కేనికి ఒత్తాలె, కొన కనబడొద్దు. మేతకేమో ఆ అంచులే నానబెట్టి, కోళ్ళ దాణా కలపండి. దుకాణంలో దెదాక్ అంటే ఇస్తరు. లడ్డూలెక్క గట్టిగా కడితే మేత నేరుగా అడుగుకు పోతది, దండగ. ఉప్మాలెక్క పొడిపొడిగా, పిడికెట్లో సగం, పది నిమిషాలకొకసారి బెండు పక్కన వేయాలె. అది విడిపోతూ దిగుతుంటే రవ్వ వెనకాలే వస్తది. కొందరు పాండాన్ ఎసెన్స్ పోస్తరు, నాకైతే దానితో తేడా కనబడలే. రవ్వ గబుక్కున మింగదు, పెదవులతో చప్పరిస్తది. బెండు వణికినప్పుడు ఆగండి, పక్కకు జరిగినా పడుకున్నా అప్పుడు లాగండి.

పెద్ద వాన తర్వాత తెల్లారి చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే సంబరపడకండి. పైనీళ్ళు చల్లబడి అడుగు నీళ్ళు కలిసినయన్నట్టు. అవి గాలి కోసం వచ్చినయి, మేతకు కాదు. ఆ రోజు ఇంటికి పోవుడే.

వానకు ఒడ్డు ఇసుక కింద కోసుకపోయి పైన గట్టిగా కనిపిస్తది. సైట్ల తవ్విన గోతి అంచున నిలబడొద్దని మీకు రోజూ చెప్తనే ఉంట, ఇది కూడా గసుంటిదే. మనిషి ఎత్తంత వెనక్కి కూర్చోండి. కొక్కెం ఇరుక్కుంటే దారం తెంపండి, నీళ్ళలోకి దిగకండి. చేప గుంజితే ఒడ్డెమ్మట నడవండి, పొడుగు కట్టె తంగుక్ వలతో ఎత్తండి. ఒక్కరే పోవద్దు. పర్మిట్ జేబులో ఉండాలె. బహాయ అని బోర్డు ఉంటే ప్రమాదమని, దిలారాంగ్ మెమాంచింగ్ అంటే చేపలు పట్టొద్దని.

ఇంక తినుడు సంగతి. పాత గని మట్టిలో ఆర్సెనిక్, సీసం అసుంటివి ఉండొచ్చు. నేనైతే పట్టింది వదిలేస్త. కూరకు కావాలంటే పసార్‌లో కొంట.