పొగాకు మొక్క పిలుచు చుట్టము



పొగాకు నారుమడిలో లద్దె పురుగు కనబడగానే మందు చల్లుట మన రైతులకు అలవాటైనది. చల్లుటకు ముందు ఆలోచింపదగిన సంగతి యొకటి కలదు. దానినే నేడు మీకు మనవి చేయదలచినాము.

మామిడిచెట్టుపై బదనిక మొలచి చెట్టు సారమును పీల్చుట మీరెరిగినదే. పురుగులకును అట్టి బదనికలున్నవి. ఇవి కందిరీగల కుటుంబమునకు చెందిన మిక్కిలి చిన్న ఈగలు. తల్లి ఈగ గొంగళి పురుగు దేహములో గ్రుడ్డు పెట్టును. పిల్ల లోపలనే పెరిగి పురుగును తినివేయును.

అంత పచ్చదనము నడుమ ఆకు చాటున దాగిన పురుగును ఇంత చిన్న ప్రాణి ఎట్లు కనుగొనును? దారి చూపునది మొక్కయే. పురుగు కొరికినపుడు దాని నోటి రసము గాయమునకు సోకును. అంతట మొక్క ఒక వాసనను గాలిలోనికి విడుచును. కొరికిన ఆకే గాక తక్కిన ఆకులును విడుచును.

1998లో అమెరికా శాస్త్రజ్ఞులు దీనిని పొలములోనే పరీక్షించిరి. అచటి పొగాకు మొగ్గ పురుగును వేటాడు బదనిక యొకటి కలదు. పురుగులను, కొరికిన ఆకులను తీసివేసినను, ఆ ఈగలు ఆ మొక్కనే వెదకుకొనుచు వచ్చినవి! మొగ్గ పురుగునకు దగ్గరి చుట్టమైన మొక్కజొన్న కండె పురుగు కొరికిన మొక్కలను అంతగా లెక్క చేయలేదు. (ఆ రెండును మన శనగపచ్చ పురుగు వంశమువే.) అనగా తన్ను కొరికినదెవరో మొక్క తన వాసనతోనే తెలుపుచున్నదన్నమాట. 2001లో మరియొక వింత బయటపడినది. పురుగు పట్టిన పొగాకు రాత్రివేళ వేరొక వాసన విడుచును. దానికి తల్లి రెక్కల పురుగులు ఆ మొక్కపై గ్రుడ్లు పెట్టక తొలగిపోవును.

అమెరికాలోని యూటా ఎడారిలో మొలచు అడవి పొగాకుది వేరు జాతి. దాని పిలుపునకు వచ్చునది ఈగ కాదు, పురుగులను తిను చిన్న నల్లి. ఆ వాసన వలన మొక్కపై పురుగులు నూటికి 90 పాళ్లకు పైగా తగ్గగలవని 2001లోనే తేలినది.

అయితే పొగాకులో ఒక చిక్కున్నది. ఆకు కొట్టువాని చేతికి అంటు జిగురు మీకు తెలియనిదా? ఆకు మీది సన్నని నూగు నుండి ఊరు ఆ జిగురులో, గ్రుడ్లను వెదకు అతి చిన్న బదనికలు చిక్కుకొనును. పొగాకు జాతిని బట్టి నూగు మారును. పిలిచిన చేయియే అడ్డుపడుచున్నదని మాకు తోచును.

మన లద్దె పురుగు గ్రుడ్లను నశింపజేయు టెలినోమస్ అను బదనికను 1963లో న్యూగినీ నుండి భారతదేశమునకు తెచ్చిరి. ఘాటైన మందు చల్లినచో పురుగుతో పాటు ఇట్టి ఈగలును చచ్చును. అటుపై పుట్టు పురుగులకు అడ్డుండదు. మందు ఆకుపై మిగిలినచో విదేశములలో కొనువారు వెనుదీయుదురు.

కావున నారుమడి చుట్టును ఆముదము నాటింపుడు. రాజమండ్రిలో 1947లో నెలకొల్పబడిన పొగాకు పరిశోధనా సంస్థ చెప్పిన ఉపాయమిది. లద్దె పురుగు తల్లి ఆముదపు ఆకును మిక్కిలి ఇష్టపడును. గోధుమ రంగు నూగు కప్పిన గ్రుడ్ల ముద్దలు, జల్లెడవలె గీరిన ఆకులు కనబడగానే వానిని త్రుంచి నశింపజేయవలెను. ఒడలిపై తెల్లని చిన్న గూళ్లు మోయుచున్న పురుగు కనబడినచో దానిని మాత్రము చంపకుడు. ఆ గూళ్లలోనున్నవి మన ఈగలే. వారమునకు రెండు మార్లు ప్రొద్దుటి వేళ మడి చుట్టి వచ్చుటకు ఏ రైతుల వంతు ఎన్నడో, నారు పోయుటకు ముందే మీ పంచాయతీ సమావేశమున నిర్ణయింపుడు.