ములాఖత్‌కు వచ్చినవాళ్ళు ముద్దాయిలు కారు

(కృష్ణగిరిలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను జైళ్ళ గురించి మాట్లాడమన్నారు. సభ మొదలయ్యే ముందు ఒక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "మనమేం తప్పు చేసినామని జైలు మాటలు?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. అందుకే ముందే చెబుతున్నాను. నేను ఈ రోజు జైలు లోపల ఉన్నవాళ్ళ కంటే జైలు గేటు బయట నిలబడేవాళ్ళ గురించే ఎక్కువ మాట్లాడతాను. అక్కడ నిలబడేది చాలావరకు మనమే. మొగుణ్ణో, కొడుకునో, తమ్ముణ్ణో రిమాండుకు పంపితే రొట్టెల మూట కట్టుకుని, చంటిదాన్ని చంకనేసుకుని తొలి బస్సుకు బయల్దేరేది ఆడమనిషే. ఆదోని సబ్‌జైలుకైతే సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. కర్నూలు పక్కన పంచలింగాలలో ఉన్న జిల్లా జైలుకైతే ఆ రోజు కూలి పోయినట్టే. శిక్షపడి కడప సెంట్రల్ జైలుకు పంపితే రెండు రోజుల కూలి, ఒక రాత్రి బస్టాండులో పడక. ఇంత చేసి పోతే అక్కడ మనకు దొరికే మర్యాద ఏమిటి?

పోయిన ఏడాది నేనొక జైలుకు వెళ్ళాను. ఏ జైలో చెప్పను. ఏ ఒక్క జైలు మీదో ఫిర్యాదు చేయడానికి ఇక్కడికి రాలేదు. మేం ముగ్గురం వెళ్ళాం. ఒక విచారణ ఖైదీ తల్లి, వాళ్ళ చర్చి పాస్టరు గారు, నేను. నా భుజాన సంచీ, కళ్ళకు అద్దాలు చూసి సెంట్రీ "మేడమ్, మీరు లాయరా?" అన్నాడు. తెల్లబట్టల పాస్టరు గారిని "రండి సార్" అన్నాడు. ఆ తల్లిని మాత్రం "ఏమే, ఎవని కోసం?" అన్నాడు. తర్వాత పాస్టరు గారి ఊరూ పేటా అడిగాడు. ఏ పేటో తెలిసింది. అంతే, "మీరు" కాస్తా "నువ్వు" అయింది. "లోపల నీకేం పని? మతం మార్చడానికొచ్చినావా?" అని గేటు బయటే నిలబెట్టాడు. ఆ పిల్లవాడు పుట్టినప్పటి నుంచీ ఆ చర్చివాడే. పాస్టరు గారిని చూడాలని కబురు పంపింది కూడా అతడే.

ఇక తనిఖీ. వరసలో ముందూ వెనకా జనం. వార్డరమ్మ ఆ తల్లిని అందరి ముందే చీర కుచ్చిళ్ళు సడలించమంది. తర్వాత ఆమె కొడుకును చూసింది గానీ, చూసినంతసేపూ తల ఎత్తలేదు. మరుసటి నెల నేను పిలిస్తే రాలేదు. "నా కొడుకు ముందర నేనే దొంగనైనట్లుండాది" అంది. లోపల ఆ పిల్లవాడేమో అమ్మ తనను వదిలేసిందనుకున్నాడు. గేటు దగ్గర జరిగిన అవమానం లోపలున్న మనిషికి ఇలా శిక్షగా మారుతుంది. ఏ కోర్టూ వేయని శిక్ష.

"జైలంటే అంతేనమ్మా, అక్కడ రూల్సు అట్లే ఉంటాయి" అంటారు. సరే, ఆ రూల్సేమిటో చూద్దాం. మన జైళ్ళను నడిపిన చట్టం 1894 నాటిది. రాసింది తెల్లదొరలు, మన మీద ప్రేమతో రాసిందేం కాదు. అందులో 40వ సెక్షన్ ప్రకారం విచారణ ఖైదీ ఎవరితో మాట్లాడాలనుకుంటే వాళ్ళను తగిన వేళల్లో, తగిన కట్టుబాట్లతో లోపలికి రానిచ్చే ఏర్పాటు జైలువాళ్ళే చేయాలి. వకీలును మూడోమనిషి లేకుండా కలవనివ్వాలి. 41వ సెక్షన్ మన గురించే. జైలరు మన పేరూ చిరునామా అడగవచ్చు. అనుమానించడానికి కారణం ఉంటే తనిఖీ చేయించవచ్చు. కానీ ఆ తనిఖీ ఏ ఖైదీ ఎదుటా చేయకూడదు. ములాఖత్‌కు వచ్చిన మరొకరి ఎదుట కూడా చేయకూడదు. మనం ఒప్పుకోకపోతే లోపలికి పంపకపోవచ్చు. అయితే ఎందుకు పంపలేదో రికార్డులో రాయాలి.

చూశారా? అందరి ముందూ కుచ్చిళ్ళు సడలించమనడం 1894లో కూడా తప్పే. వందేళ్ళు దాటిన చట్టం ఇచ్చిన పాటి మర్యాద కూడా మనకు అందడం లేదు. 2015లో ఐక్యరాజ్యసమితి నెల్సన్ మండేలా పేరుతో ఖైదీల విషయంలో పాటించవలసిన నియమాలు ప్రకటించింది. సందర్శకుల తనిఖీ వాళ్ళను కించపరిచేలా ఉండకూడదని అవి స్పష్టంగా చెబుతున్నాయి.

పాస్టరు గారి సంగతీ ఆ నియమాల్లో ఉంది. ఏ ఖైదీకైనా తన మతానికి చెందిన గురువును కలిసే వీలు కాదనకూడదు. ఖైదీ వద్దంటే మాత్రం ఆ గురువు బలవంతంగా రాకూడదు. రెండు వైపులా న్యాయంగా ఉన్న మాట. మన దగ్గర జరిగేదేమిటి? క్రిస్మస్‌కు పాస్టరునూ, రంజాన్‌కు మౌల్వీనీ, శ్రీరామనవమికి పూజారినీ పిలుస్తారు. పళ్ళు పంచి, ఫొటోలు తీసి, పేపరుకిస్తారు. అదే మనిషి మామూలు రోజున, ఒక ఖైదీ అడిగాడని వస్తే అనుమానితుడైపోతాడు. పండగకు అతిథి, మిగతా రోజుల్లో అపరిచితుడు. అందులోనూ పేటను బట్టి, బట్టలను బట్టి తేడా. మతగురువు అవసరం ఖైదీకి ఉంటుంది గానీ ఫొటోకు కాదు గదా!

మతం పేరుతో లోపలికి పోయినవాళ్ళు ఏం చేయగలరో రెండు ఉదాహరణలు చెబుతాను. 1813లో లండన్‌లోని న్యూగేట్ జైలుకు ఎలిజబెత్ ఫ్రై అనే ఆమె వెళ్ళింది. ఆడవాళ్ళు కూడా బోధ చేయగలిగే క్వేకర్ల మతశాఖ ఆమెది. ఆడఖైదీలు, వాళ్ళ పిల్లలు కుక్కినట్టుండే ఆ గదుల్లో ఆమె బడి పెట్టింది, కుట్టుపని నేర్పించింది, చూసిందంతా పార్లమెంటు సంఘానికి చెప్పింది. 1823లో అక్కడ వచ్చిన చట్టం ఆడఖైదీలకు ఆడ వార్డర్లే ఉండాలంది. రెండోది మన దేశంలోనిది. 1995లో మధ్యప్రదేశ్‌లో సిస్టర్ రాణీ మరియాను బస్సులో పొడిచి చంపారు. ఆమె చెల్లెలు సిస్టర్ సెల్మీ పాల్ 2002లో ఇండోర్ జైలుకు వెళ్ళి, తన అక్కను చంపినవాడికి రాఖీ కట్టింది. క్షమించమని మనకెవరూ చెప్పనక్కరలేదు, అది ఆమె ఇష్టం. కానీ ఆ గేటు తెరుచుకోకపోతే అంత పెద్ద మాట చెప్పే అవకాశమే ఆమెకు ఉండేది కాదు.

ఇక కోర్టుల సంగతి. 1979లో ఢిల్లీ తీహార్ జైల్లో ఫ్రాన్సిస్ కొరాలీ ముల్లిన్ అనే బ్రిటిష్ స్త్రీని డిటెన్యూగా పెట్టారు. ఆమెకు అయిదేళ్ళ కూతురు. నెలకు ఒక్కసారే బిడ్డను చూడనిచ్చేవారు. 1981 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. బతికే హక్కు అంటే ఊపిరి తీసుకోవడమే కాదు, మానంగా బతకడమనీ, అయినవాళ్ళను కలవడం అందులో భాగమేననీ అంది. వారానికి కనీసం రెండుసార్లు కలవనివ్వమంది. మన రాష్ట్రం పేరుతోనే ఉన్న ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో 2006లో, ఆరేళ్ళు నిండి బయట హోములో ఉన్న బిడ్డను తల్లి కనీసం వారానికొకసారి చూడవచ్చని చెప్పింది. అంటే ములాఖత్ ఎవరో దయతలచి ఇచ్చేది కాదు.

ఇంకో మాట. బయటివాళ్ళను అవమానించి పంపేయడం కేవలం నోటి దురుసు కాదు. బయటి కళ్ళు లోపల పడకుండా చేసే పద్ధతి అది. 1979 జనవరిలో జాతీయ పోలీసు కమిషన్ సభ్యుడు రుస్తుంజీ బీహారు జైళ్ళు చూసి, విచారణే లేకుండా ఏళ్ళ తరబడి మగ్గుతున్న వాళ్ళ గురించి పత్రికలో రాశాడు. అది చదివి కపిలా హింగోరాణీ అనే మహిళా న్యాయవాది సుప్రీంకోర్టులో పిటిషన్ వేసింది. అదే హుస్సేనారా ఖాతూన్ కేసు. వేలమంది విడుదలయ్యారు. ఏ నేరం చేయకపోయినా "రక్షణ" పేరుతో జైల్లో పెట్టిన ఆడవాళ్ళు కూడా బయటికొచ్చారు. బొంబాయి జైల్లో షీలా బార్సే అనే పత్రికా రచయిత్రి 15 మంది ఆడఖైదీలతో మాట్లాడితే అయిదుగురు పోలీసు లాకప్పులో తమను కొట్టారని చెప్పారు. దాని మీదే 1983లో ఆడవాళ్ళను ఆడ పోలీసుల సమక్షంలోనే ప్రశ్నించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇవన్నీ ఎవరో ఒక బయటిమనిషి లోపలికి పోయి చూసినందువల్ల జరిగినవే.

"భద్రత కోసమమ్మా ఇదంతా" అంటారా? అయితే కోయిలకుంట్ల సంగతి చెప్పాలి. ఇప్పుడది నంద్యాల జిల్లా, 2022 దాకా మన కర్నూలు జిల్లానే. 1977 మేలో ఒక రాత్రి అక్కడి సబ్‌జైల్లోకి బయటివాళ్ళు చొరబడి ఒక గదిలో బాంబులు వేశారు. చల్లా చిన్నపరెడ్డి చనిపోయాడు, అదే గదిలో ఉన్న కొడుకు రామకృష్ణారెడ్డి బతికాడు. నష్టపరిహారం అడిగితే, జైలు నడపడం రాజ్యం చేసే పని కాబట్టి మమ్మల్ని అడగడానికి లేదని ప్రభుత్వం వాదించింది. 2000 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ వాదన చెల్లదంది. ఖైదీ ప్రాణానికి ప్రభుత్వానిదే బాధ్యత అంది. హైకోర్టు ఇవ్వమన్న 1,44,000 రూపాయలు ఖాయమయ్యాయి. అందుకే అడుగుతున్నాను. రొట్టెల మూట తెచ్చిన తల్లి దగ్గర చూపించే కట్టుదిట్టం బాంబులు తెచ్చినవాళ్ళ దగ్గర ఏమైంది? లోపలున్నది ఏ వర్గం మనిషైనా సరే, ఈ ప్రశ్న ప్రశ్నే.

జైలు సిబ్బంది అందరూ చెడ్డవాళ్ళని నేననడం లేదు. వాళ్ళూ మనలాంటి ఇళ్ళ బిడ్డలే. పని ఎక్కువ, మనుషులు తక్కువ. గంజాయి, సెల్‌ఫోన్లు లోపలికి పోతున్న మాటా నిజమే. నిషేధించిన వస్తువు చేరవేస్తే ఆరు నెలల దాకా జైలు అని అదే 1894 చట్టం 42వ సెక్షన్ చెబుతుంది. తనిఖీ వద్దనడం లేదు. చాటుగా, ఆడవాళ్ళను ఆడవాళ్ళే, మర్యాదగా చేయమంటున్నాం. ఒక తడికె, ఒక కుర్చీ, "రామ్మా" అనే ఒక మాట. వీటికి బడ్జెట్ అక్కరలేదు గదా!

మరి మనమేం చేయాలి?

ఒకటి, ఒంటరిగా పోవద్దు. ఇద్దరు ముగ్గురు కలిసి పోదాం. ఒకరికి జరిగింది ఇంకొకరు చూస్తే అదే సాక్ష్యం.

రెండు, లోపలికి పంపకపోతే "ఎందుకు పంపలేదో రికార్డులో రాయండి" అని అడుగుదాం. గొడవ పడనక్కరలేదు, 41వ సెక్షన్ అంటే చాలు. ఆ రోజు తేదీ, వేళ మనమూ రాసుకుందాం.

మూడు, పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెడదాం. ఈ ఏడాది ఎంతమందిని వెనక్కి పంపారు, కారణాలేమని రాశారు అని అడుగుదాం. జైళ్ళను చూడడానికి సందర్శకుల బోర్డులు వేయాలని 2017 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. వాటిలో అధికారులు కానివాళ్ళూ ఉండాలి. మన జిల్లాలో వాళ్ళెవరు, ఎన్నిసార్లు వెళ్ళారు? అదీ అడుగుదాం. జవాబు ఇవ్వడానికి ముప్ఫై రోజులే గడువు.

నాలుగు, వకీలుకు డబ్బుల్లేవని ఆగిపోవద్దు. ఆడవాళ్ళకూ, జైల్లో ఉన్నవాళ్ళకూ ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. 15100కు ఫోన్ చేయవచ్చు, కోర్టులో ఉండే న్యాయసేవల కమిటీని అడగవచ్చు.

అయిదు, ఇప్పుడు ములాఖత్ కోసం ఫోన్లో పేరు నమోదు చేసుకునే పద్ధతి వచ్చింది. చదువురాని అమ్మలకు అది ఇంకో గేటు కాకూడదు. చదువుకున్న పిల్లలు ఆ పని చేసిపెట్టాలి.

2022 చివర్లో దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే నూటికి 75 మందికి పైగా ఇంకా నేరం రుజువు కానివాళ్ళు. వాళ్ళ కోసం వచ్చే తల్లీ చెల్లీ పాస్టరూ మౌల్వీ అసలే నేరస్తులు కారు.

పెద్దమ్మా, నువ్వు అడిగిన ప్రశ్నకు ఇదే నా జవాబు. మనం తప్పేమీ చేయలేదు. అందుకే తల దించుకుని నిలబడనక్కరలేదని చెప్పడానికే ఈ జైలు మాటలు.

నేను చెప్పిన ఆ తల్లి ఈ రోజు సభకు రాలేదు. ఆమె కొడుకు కేసు ఇంకా వాయిదాల మీదే ఉంది. వచ్చే వారం ఆమె ఇంటికి పోతున్నాను, మళ్ళీ బయల్దేరదీయాలని. పాస్టరు గారు కూడా వస్తానన్నారు. ఈసారి మేం ముగ్గురమే పోకూడదు. మీలో ఎవరెవరు వస్తారో సభ అయిపోగానే పేర్లు ఇవ్వండి.

సెలవు.