ఇంటి టెలివిజను – కంప్యూటరు తెర
(పాఠశాల వార్షికోత్సవమున చేసిన యుపన్యాసము)



వార్షికోత్సవమున భాషను గూర్చియో సాహిత్యమును గూర్చియో మాటలాడుట మన సంఘమున పరిపాటి. నేడు మేము ఒక తీగను గూర్చి మాటలాడ నెంచితిమి. ఇంటిలోని టెలివిజనును కంప్యూటరునకు తెరగా కలుపు తీగ యది. దీనికిని తెలుగునకును సంబంధమేమని మీ రడుగవచ్చును. సంబంధము కలదు.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించినపుడు పూర్వపు బళ్ళారి జిల్లానుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకా లా రాష్ట్రమునకు పోయినవి. బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినది. నాటినుండి ఈ ప్రాంతపు తెలుగుబిడ్డలు కన్నడమును చక్కగా నేర్చుచున్నారు. అది సంతోషింపదగినదే. కాని యింట మాటలాడు తెలుగును చదువుకొనుటకు వారికి పుస్తకములు దొరకుట యరుదు. కంప్యూటరున్నచో 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియా మొదలుకొని పాత గ్రంథములవరకు ఇంటికే వచ్చును. కంప్యూటరు నెటులో సంపాదించిన కుటుంబములును తెరకు వేరుగా సొమ్ము పెట్టలేకున్నవి. టెలివిజను మాత్రము చాలయిండ్ల నున్నది.

ఈ యుపాయము క్రొత్తది గాదు. 1980లో ఇంగ్లండున క్లైవ్ సింక్లెయిరుగారి సంస్థ వెలువరించిన జెడ్.ఎక్స్.80 అను చిన్న కంప్యూటరునకు సొంత తెర లేదు. దాని తీగను ఇంటి టెలివిజను ఏరియలు రంధ్రముననే పెట్టెడివారు. 1982 నాటి స్పెక్ట్రమునకు అడ్డముగా 256, నిలువుగా 192 చుక్కలు మాత్రమే. ఒక్కొక్క యక్షరమునకు ఎనిమిదింటి కెనిమిది చుక్కల గడి. ఆంగ్లాక్షర మందులో నిమిడినది. మన ‘స్త్రీ’ యను నక్షర మందులో నెట్లిముడును? 1984-85లో భారత ప్రభుత్వము ‘క్లాస్’ అను పథకము క్రింద కొన్ని పాఠశాలల కిచ్చిన బి.బి.సి. మైక్రోలును టెలివిజనుతో కలుపదగినవే. 2012లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై అను చిన్న పలకయు ఆ బాటనే నడచుచున్నది.

కర్నూలు జిల్లాలో మన యూరి పేరే గల ఎమ్మిగనూరు చేనేతకు ప్రసిద్ధి. కనుక తెరను నేతతో పోల్చి చెప్పెదము. పాత గాజుగొట్టపు టెలివిజను మన దేశపు పద్ధతిలో 625 గీతలతో బొమ్మను నేయును; వానిలో బొమ్మకు పనికివచ్చునవి సుమారు 575. పూర్తి హెచ్.డి. తెర పడుగున 1920, పేకన 1080 పోగులు గల వస్త్రము. ముప్పదిరెండంగుళముల చౌక తెరలు పెక్కు 1366, 768 పోగులవి. కంప్యూటరు పంపు పోగులును తెరమీది పోగులును సమముగా నున్నపుడే నేత బిగువు. లేనిచో టెలివిజను బొమ్మను సాగదీయును, అక్షరము లలుకుకొనిపోవును.

మేము దీనిని తప్పు చేసి నేర్చుకొంటిమి. మొదటి సాయంకాలము తీగ తగిలించి, తెర యడుగున నున్న ‘అక్క అన్నము పెట్టినది’ అను పంక్తిని ఒక బాలికను చదువుమంటిమి. ఆమె ‘అక అనము పెటినది’ అని చదివినది. ఇన్నాళ్ళకును వత్తులు రాలేదా యని మందలించితిమి. బాలిక తెరదగ్గరకు పోయి అంచున వ్రేలు పెట్టి, “వత్తులు కింద దాంకొన్నాయి సార్” అన్నది. చూడగా నిజమే. పాత గాజుగొట్టములలో బొమ్మను చట్రము దాటునట్లు కొంత పెద్దదిగా వేసెడివారు. ఆ యలవాటును క్రొత్త టెలివిజనులు కొన్ని విడువలేదు. ఆంగ్లమున ఆ మాత్రపు కోతవలన పంక్తి యడుగున పోవునది స్వల్పము. తెలుగున వత్తులే పోవును. బిడ్డ కన్ను మంచిదే, మా యమరికయే చెడ్డది. ఆ బాలికను క్షమింపుమని యడిగితిమి.

ఇక చేయవలసినది. రెండింటికిని హెచ్.డి.ఎం.ఐ. రంధ్రములున్నచో ఆ యొక్క తీగయే చిత్రమును, ధ్వనిని మోయును. పాత కంప్యూటరునకు వి.జి.ఎ. మాత్రమే యున్నచో టెలివిజనునకును ఆ రంధ్రమున్నదేమో చూడవలెను. అది ధ్వనిని మోయదు గనుక వేరొక తీగ కావలెను. వి.జి.ఎ.నుండి హెచ్.డి.ఎం.ఐ.కి వట్టి తీగ చాలదు, మార్చు పెట్టె యవసరము. ఒక దుకాణమున వట్టి తీగనే కొని మేము సొమ్ము పోగొట్టుకొంటిమి. గాజుగొట్టపు టెలివిజనునకు మార్చు పెట్టెతో చలనచిత్రము చూడవచ్చును గాని పుటలు చదువుట కష్టము.

తరువాత రిమోటుతో ఆ హెచ్.డి.ఎం.ఐ. రంధ్రము నెన్నుకొని, కంప్యూటరున టెలివిజను పోగుల సంఖ్యనే యమర్పవలెను. టెలివిజను చిత్రపరిమాణములో ‘స్క్రీన్ ఫిట్’ అనియో ‘జస్ట్ స్కాన్’ అనియో ఉండుదానిని పట్టినచో అంచులు తిరిగి వచ్చును. కొన్నింట ఆ రంధ్రమునకు ‘పి.సి.’ అని పేరిచ్చినను చాలును. ‘షార్ప్‌నెస్’ తగ్గించినచో అక్షరములచుట్టునున్న తెల్లని నీడ పోవును. అక్షరపరిమాణము నూటయేబది శాతము చేసి, నాలుగైదడుగుల దూరమున కూర్చుండవలెను.

తీగ కలుపుటకు ముందు రెండింటి విద్యుత్తు నాపి, కేబుల్ తీగను ఊడదీయవలెను. ఎర్తు లేని యిండ్లలో ఆ తీగ చేతికి షాకు కొట్టుట కలదు. ఉరుములవేళ అన్నియు విడదీసి యుంచుడు.

మిగిలిన చిక్కొక్కటి, దానికి రిమోటున మీట లేదు. ఇంటి కొక్కటే టెలివిజను, సాయంకాలము అవ్వకు సీరియలు కావలెను. తల్లులారా, తండ్రులారా! దినమున కొక గంట బిడ్డకు విడువుడని వేడుచున్నాము. అవ్వనును ప్రక్కనే కూర్చుండ బెట్టుకొనుడు. పుస్తకమున కంటి కానని యక్షరములు తెరపై బెత్తెడంత కనబడును. మనుమరాలు చదువగా అవ్వ వినును. తప్పు చదివిన అవ్వయే దిద్దును. దిద్దుటకు ముందు, వత్తులన్నియు తెరమీద నున్నవో లేవో చూచుకొనవలెనని మా యనుభవము.