‘రాను’ అన్న పిల్లలను కొండెక్కించడం
(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మాకు పది నిమిషాలిచ్చారు. ఇచ్చిన విషయం పిల్లల విహారయాత్ర. ప్రతి శీతాకాలం మన పేటల పిల్లల్ని ఒకరోజు కొండపల్లి కోటకు తీసుకువెళ్లే పని మా నలుగురిమీద పెట్టారు గనుక, ఆ పనిలో మేము చూసిన సంగతులు మనవి చేస్తాం.

వస్తామని ఎగిరి గంతులేసే పిల్లలతో మనకు చిక్కులేదు. వాళ్లు పిలవకముందే బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటారు. గడప దగ్గర నిలబడి ‘నేను రాను’ అనే పిల్లల సంగతే అసలు సంగతి. అలాంటివాళ్లను చూసి పెద్దలు బద్ధకమంటారు, మొండితనమంటారు, ఫోను పిచ్చి అంటారు. కాని మేము చూసినంతలో ఊరికే రానన్న పిల్లవాడు ఒక్కడూ లేడు. ప్రతి ‘రాను’ వెనకాల ఒక కారణం ఉంది. పిల్లలు దాన్ని తమంతట తాము చెప్పరు. మనమూ అడగం. వచ్చిన చిక్కల్లా అక్కడే.

ఒక ఏడు పదేళ్ల కుర్రవాడు మొదటి మెట్టుమీదే కూలబడ్డాడు. తోటివాళ్లు నవ్వారు. మాలో ఒకరు పక్కన కూర్చుని, చేతిలో వేరుశెనగ చిక్కీ పెట్టి, ఆ మాటా ఈ మాటా చెప్పిన తరువాత మెల్లిగా కాలు చూపించాడు. వేసుకున్నవి అన్న చెప్పులు. కాలికి పెద్దవి. పట్టీ తెగితే పిన్నీసు పెట్టారు. ఆ పిన్నీసు అడుగడుక్కీ గుచ్చుకుంటోంది. ఆ మాట చెబితే అమ్మీని నలుగురూ ఏమైనా అనుకుంటారని నోరు మూసుకున్నాడు. చూడండి, మనం బద్ధకం అనుకున్నది వాడి అభిమానం! అందుకని ఇప్పుడు బయలుదేరే ముందు రోజు సాయంత్రమే పిల్లలందర్నీ పిలిచి చెప్పులు చూస్తున్నాం. అవసరమైన వాటిని గుట్టుగా కుట్టిస్తున్నాం. ఎవరివి కుట్టించామో ఎవరికీ చెప్పం.

ఇక ఆడపిల్లల సంగతి. పదకొండు, పన్నెండేళ్లు వచ్చినవాళ్లు ‘రాను’ అంటే చాలావరకు కారణం మరుగుదొడ్డి. బలవంతంమీద వచ్చినా పొద్దుటినుంచి నీళ్లు తాగరు. సగం కొండ ఎక్కేసరికి తలనొప్పి, కళ్లు తిరగడం. ‘బయట ఎక్కువ నీళ్లు తాగకే’ అని ఇంట్లో చెప్పి పంపేది మనమే కదండీ. కాబట్టి కొండెక్కే ముందు ఊళ్లో శుభ్రమైన చోటు ఒకటి చూసి పెట్టుకోవాలి. కనీసం ఇద్దరు ఆడవాళ్లు వెంట ఉండాలి. బస్సులోనే వాళ్లు ఆడపిల్లల పక్కన చేరి ‘ఫలానాచోట ఆగుతాం, భయపడకండి’ అని చెప్పాలి. ఈ ఒక్కమాటతో ముఖాలు విప్పారడం మేము చూశాం.

మూడో కారణం భయం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు రోజుల తరబడి నీళ్ల మధ్య గడిపిన పిల్లలు మనలోనూ ఉన్నారు. భవానీ ద్వీపానికి పడవలో పోదామంటే వాళ్లు మంచం దిగరు. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో పడవ తిరగబడి ఇరవైమందికి పైగా పోయిన సంగతి పెద్దలూ మరచిపోలేదు. అలాంటి పిల్లవాణ్ణి పిరికివాడనకూడదు. వాడికి కొండే మంచిది. పైగా బుడమేరు పుట్టేది ఆ మైలవరం, కొండపల్లి కొండల వైపే. వాననీరు ఏ వాలున ఎటు దిగుతుందో రాళ్లమధ్య చూపిస్తే, ఎక్కడినుంచో వచ్చి ఇంట్లో దూరిన నీరు వాడికి కాస్త అర్థమవుతుంది. అర్థమైనదాని భయం కొంతైనా తగ్గుతుంది.

ఇక దారిలో ఏం చేయాలో చెబుతాం. కొండపల్లి బెజవాడకు 20 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున్నే మొదలుపెడితే ఎండ ముదిరేసరికి పైకి చేరతాం. కడుపునిండా పూరీలు పెట్టి ఎక్కించకండి, వాంతులవుతాయి. ఇడ్లీ చాలు. తరువాత కాస్సేపటికొకసారి అరటిపండో, వేయించిన సెనగలో, ఉప్పేసిన మజ్జిగో. దాహం అని అడిగేదాకా ఆగకూడదు. పిల్లల అలకలో సగం ఆకలే.

అందరికన్నా నెమ్మదిగా నడిచే పిల్లను ముందు పెట్టండి. వెనక పెడితే ఆమె వచ్చేసరికి మిగిలినవాళ్లు సేదదీరి లేస్తారు, ఆమెకు కూర్చునే వీలే ఉండదు. అందరి వెనకా ఒక పెద్దమనిషి నడవాలి. ఎవరు ముందెక్కుతారని పందెం పెట్టకండి. ఒకడు గెలుస్తాడు, ఇరవైమంది ఓడిపోతారు. ‘ఇంకా ఎంత దూరం?’ అని అడిగితే ‘అదిగో వచ్చేసింది’ అని అబద్ధం చెప్పకండి. రెండుసార్లు మోసపోతే మూడోసారి నమ్మరు. ‘ఆ మలుపుదాకా పోదాం, అక్కడ కూర్చుందాం’ అనండి. చెప్పినట్టే కూర్చోండి.

ప్రతివాడికీ ఒక పని ఇవ్వండి. ఒకడు తలలు లెక్కబెడతాడు. ఒకడు నీళ్ల సీసాలు చూస్తాడు. ఫోను వదలని అబ్బాయి చేతిలోంచి ఫోను లాక్కోకండి, అందరి ఫోటోలు తీసే పని వాడికే అప్పగించండి. పనిలేని పిల్లవాడికి కాలు నొప్పి. పనున్నవాడికి ఆ సంగతే గుర్తురాదు.

కోటలో చూపించడానికి కొదవలేదు. రెడ్డిరాజుల కాలంనాటి కోట ఇది. తరువాత గజపతులు, కృష్ణదేవరాయలు, కుతుబ్‌షాహీలు చేతులు మార్చుకుంటూ వచ్చి, 1766లో ఇంగ్లీషువారి చేతికి పోయింది. ఈ పాఠమంతా ఒక్కసారి చెబితే పిల్లలు ఆవులిస్తారు. దర్గా దర్వాజా దగ్గర నిలబెట్టి, ఒక్కొక్క కంబం ఒకే రాయని చెప్పి, ‘క్రేన్లు లేని రోజుల్లో దీన్ని ఎలా నిలబెట్టారు?’ అని అడగండి. చేతులు చాపించి ఎన్ని బారలుందో కొలిపించండి. ఈ కొండమీద జరిగిన యుద్ధంలో మరణించిన గులాబ్ షా దర్గా వల్ల ఆ ద్వారానికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. తానీషా మహల్లో గదులు లెక్కబెట్టమనండి. పైనుంచి థర్మల్ స్టేషను పొగగొట్టాలు చూపించి, మనింటి ఫ్యానుకూ దానికీ ఉన్న సంబంధం చెప్పండి.

బిర్యానీ దేగ్సా మాత్రం కొండకిందే ఉంచుతాం. దిగడానికి ఎవర్నీ తొందరపెట్టనక్కర్లేదు! పరుగెత్తకుండా చూసుకుంటే చాలు. మోకాళ్లు పగిలేది దిగేటప్పుడే. జొహర్ నమాజు, భోజనం అయ్యాక బొమ్మల కాలనీకి పోతాం. తెల్లపొణికి కర్రను ఆరబెట్టి చెక్కడం, ఏనుగుకు తొండం, అంబారీ విడివిడిగా చేసి, చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతకడం పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. ఆ కర్ర తాము ఎక్కి దిగిన కొండల చెట్టుదేనని తెలిస్తే ఆ బొమ్మ వాళ్ల సొంతమైనట్టే.

చివరగా ఒక్కమాట. వన్‌టౌన్ సందుల్లో పుట్టి పెరిగి, ఇంటి పక్క కొండను రోజూ చూస్తూ, ఏ కొండా ఎక్కని పిల్లలు మనలో చాలామంది ఉన్నారు. ఆడపిల్లలైతే ‘వచ్చే ఏడు పెద్దదైపోతుంది, ఇక పంపం’ అనే ఇళ్లు ఎన్నో. అలాంటి పిల్లకు అదే ఆఖరి యాత్ర కావచ్చు. ఆ ఒక్కరోజు దాహంతోనో, సిగ్గుతోనో, ఎగతాళితోనో పాడైతే ఆమె తరఫున మళ్లీ అడిగేవారుండరు. బాగా గడిస్తే ‘మళ్లీ పోతాను అమ్మీ’ అని ఆ పిల్లే అడుగుతుంది. అడగడం నేర్చుకున్న పిల్లను కాదనడం ఏ ఇంటికీ అంత తేలిక కాదు.

కాబట్టి మా మనవులు రెండే. వచ్చే ఏటి పద్దులో పిల్లల చెప్పులకని కొంత సొమ్ము, ఆ మాట బయటపడకుండా, కేటాయించండి. తల్లులు ఈసారి పిల్లల్ని సాగనంపి వెనక్కి తిరగకుండా మాతోపాటు బస్సెక్కండి. మీరు కొండెక్కితే మీ అమ్మాయిని వచ్చే ఏడు ఆపడానికి మీకే మనసొప్పదు.