కీ ఇచ్చిందెవరు?
(స్మారకోపన్యాసం)

మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలవడం గౌరవంగా భావిస్తున్నాను. ఆయన పాండిత్యం గురించి నాకు ముందు మాట్లాడిన పెద్దలు చెప్పారు. నేను మళ్లీ చెప్పను. నాకు గుర్తున్నది వేరు. నా దగ్గర ఫిలిప్ పుల్‌మన్ ‘క్లాక్‌వర్క్’ నవల తీసుకెళ్లి, చివరి పేజీలో పెన్సిలుతో ‘శుద్ధ విధివాదం’ అని రాసి తిరిగిచ్చారు. ఆ మాటతో నాకు ఆనాటి నుంచీ పేచీయే. ఇవాళ ఆయన వేదిక మీదే తేల్చుకుంటాను.

కథ క్లుప్తంగా. 1996లో వచ్చిన చిన్న నవల. బొమ్మలు పీటర్ బెయిలీవి. జర్మనీలో గ్లాకెన్‌హైమ్ అనే ఊరు, చలికాలపు రాత్రి. తెల్లారితే ఊరి గడియారానికి కొత్త బొమ్మ బిగించాల్సిన, గడియారాల మేస్త్రి శిష్యుడు కార్ల్ ఏమీ తయారు చెయ్యలేదు. సత్రంలో రచయిత ఫ్రిట్జ్ కథ చెబుతుంటే, ఆ కథలోని డాక్టర్ కల్మేనియస్ తలుపు తోసుకుని లోపలికొస్తాడు. తర్వాతి సంగతులు చదివినవారికి తెలుసు, చదవనివారు చదువుకోవాలి.

అసలు తగాదాకి వస్తాను. విధివాదమనేవారు చెప్పేదిదీ: స్ప్రింగు చుట్టాక గడియారం నడిచి తీరుతుంది; కథ మొదలయ్యాక చెప్పినవాడూ ఆపలేడు; కాబట్టి మనుషులు పళ్లచక్రాలే. గడియారం వెనక మూత తీసి చూడనివాళ్ల వాదన ఇది. చుట్టిన స్ప్రింగును ఊరికే వదిలేస్తే గిర్రున విప్పుకుపోతుంది. దాన్ని గడియారంగా నిలబెట్టేది ఎస్కేప్‌మెంట్. అది చక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున పట్టి, వదిలి, మళ్లీ పడుతుంది. మనకు వినబడే టిక్‌టిక్ ఆ పట్టు చప్పుడే. ఫ్రిట్జ్‌కి లేనిది ఆ నిగ్రహమే. ముగింపు ఆలోచించుకోకుండా కథ ఎత్తుకున్నాడు, కథకు ప్రాణం రాగానే పారిపోయాడు. కార్ల్ తన చేతుల్తో చెయ్యాల్సిన బొమ్మను కల్మేనియస్ దగ్గర పుచ్చుకున్నాడు. ఇద్దరినీ ముంచింది విధి కాదు, బద్ధకం.

జగత్తే గడియారమన్న యూరప్‌లో పుట్టిన నవల కదా అంటారు. సరే, అక్కడికే వెళదాం. 1715-16లో తత్వవేత్త లైబ్నిజ్, న్యూటన్ పక్షాన నిలిచిన క్లార్క్ ఉత్తరాల్లో పోట్లాడుకున్నది దీని మీదే. న్యూటన్ వర్గీయుల దేవుడు తన గడియారానికి అప్పుడప్పుడు కీ ఇచ్చుకోవాలా అని లైబ్నిజ్ ఎద్దేవా చేశాడు. దేవుడి ప్రమేయం లేకుండా నడిచే జగత్తంటే దేవుణ్ణి బయటికి పంపడమేనని క్లార్క్ తిప్పికొట్టాడు. అంటే గడియారం ఆనాడే విధివాదుల సొంతాస్తి కాదు. స్విట్జర్లాండులోని నూషటెల్ మ్యూజియంలో జాకే-ద్రో వారి 18వ శతాబ్దపు వ్రాయసకాడి బొమ్మ ఉంది. ఈకకలాన్ని సిరాలో ముంచి, విదిలించి మరీ రాస్తుంది. ఏం రాయాలో మాత్రం దాని లోపలి చక్రాన్ని అమర్చిన మనిషే నిర్ణయిస్తాడు. రాత తప్పయితే బొమ్మను తిడతామా?

ఇక మళ్లీ నవలకొస్తే, సత్రం యజమాని కూతురు గ్రెట్ల్ ఉంది. చలిలో గడియార స్తంభమెక్కి, మరబిడ్డ ఫ్లోరియన్‌ను కావలించుకుని ఉండిపోతుంది. ఆ పిల్లకెవరూ కీ ఇవ్వలేదు. ముగింపు మరీ తియ్యగా ఉందంటే ఒప్పుకుంటాను, విధివాదమంటే ఒప్పుకోను.

నేనిప్పుడు రాస్తున్న పుస్తకానికీ కీ ఇచ్చిందెవరన్నదే ప్రశ్న. ‘కథాసరిత్సాగరం’లో సోమప్రభ కళింగసేనకు బుట్టలో యంత్రపుత్రికలు తెస్తుంది. మీట తాకితే ఒకటి ఎగిరివెళ్లి పూలదండ తెస్తుంది, ఇంకొకటి నీళ్లు తెస్తుంది. భోజుడి ‘సమరాంగణ సూత్రధార’లో యంత్రాలకే ఒక అధ్యాయం ఉంది. పండితులు మీట ఎలా పనిచేసిందని అడిగారు. మీట నొక్కిన చెయ్యి దేనికి పూచీ పడిందని నేనడుగుతున్నాను. తెలుగు కథల్లో, తాళపత్రాల్లో ఇలాంటి బొమ్మల ప్రస్తావన మీకెక్కడ కనిపించినా దయచేసి నాకు తెలియజేయండి.